గ్యారీ కోల్‌మన్ డబ్బులేమయ్యాయి, మా బుడ్డోడి డబ్బులేమవుతాయి

పోయిన నెల ఓ బుధవారం రాత్రి పదిన్నరకి మా అప్ప శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసింది. అప్ప ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నమే చేస్తాది, అందుకే గుండె జారింది, ఏటప్పా అందరూ బాగున్నారా అంటే "బాగానే ఉన్నాం గానీ బుడ్డోడికి టీవీలో ఛాన్సొచ్చిందంట, మీ బావ అప్పుడే ఊరంతా చెప్పీసినాడు, హైదరాబాద్ నుంచి కాగితాలు పంపినారు, నాకేటీ అర్థమవట్లేదు, నువ్వోసారి చూడు" అంది.

బుడ్డోడంటే మా మేనల్లుడు, తొమ్మిదేళ్లు, నాలుగో క్లాసు. ఆర్టీసీ కండక్టర్ చిల్లర లేదని కసురుకోడం, పలాస నుంచి వచ్చిన చుట్టాలు జీడిపప్పు రేటుతో మొదలెట్టి పెళ్లి సంబంధాల్లో తేలడం, ట్యూషన్ మాస్టారు ఫీజు అడగలేక అడగడం, అన్నీ అచ్చు దించేస్తాడు. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర బావ తీసిన ఒక వీడియో ఫోన్లలో తిరిగి తిరిగి ఓ కామెడీ షో కోఆర్డినేటర్ కంట్లో పడింది.

నాది విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న ఆఫీసు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, జీఎస్టీ ఫైలింగులు చేస్తుంటాను, అందుకని మా ఇళ్లల్లో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన మూడు పేజీల అగ్రిమెంట్ ఫోటోలు పెద్దవి చేసుకుని రెండుసార్లు చదివాను, చదివాక బావకి ఫోన్ చేసి గ్యారీ కోల్‌మన్ ఎవరో తెలుసా బావా అనడిగాను. తెలీదన్నాడు. తెలియజేయడానికి గంటన్నర పట్టింది. ఇలాంటి ఫోన్ రేపు ఏ ఇంటికైనా రావొచ్చు, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక ఫోనూ ఒక బుడ్డోడూ ఉన్నారు, అందుకే బావకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో 1978 నవంబర్‌లో ఎన్‌బీసీ ఛానెల్లో డిఫరెంట్ స్ట్రోక్స్ అని ఒక సిట్‌కామ్ మొదలైంది. సిట్‌కామ్ అంటే మనకి 2001లో జెమినీలో వచ్చిన అమృతం లాంటిది, అవే మొహాలు, అవే ఇళ్లు, వారానికో చిక్కు, అరగంటలో తేలిపోతుంది. ఇందులో హార్లెం పేటకి చెందిన ఇద్దరు నల్లజాతి అన్నదమ్ములకి తల్లి చనిపోతే, ఆవిడ పనిచేసిన ఇంటి యజమాని, డ్రమండ్ అనే తెల్ల కోటీశ్వరుడు, వాళ్లని తెచ్చి పెంచుకుంటాడు. తమ్ముడు అర్నాల్డ్ వేషం గ్యారీ కోల్‌మన్‌ది. అప్పటికి గ్యారీకి పదేళ్లు, పాత్రకి ఎనిమిది. అన్న విల్లిస్ ఏదైనా అంటే చాలు, బుగ్గలు పూరించి కళ్లు చికిలించి "వాచు టాకిన్ బౌట్, విల్లిస్?" అనేవాడు, మన యాసలో చెప్పాలంటే "ఏటి మాటాడతన్నావ్రా విల్లిస్" అని. ఆ ఒక్క మాట కోసం అమెరికా అంతా టీవీ ముందు కూర్చునేది.

ఆ నవ్వు ఎలా పుడుతుందో ముందు చూడాలి, తర్వాత జరిగినదంతా దీంట్లోనే ఉంది. అదే మాట ముప్ఫై ఏళ్లాయన అంటే గొడవకి వచ్చాడనుకుంటాం. ఎనిమిదేళ్లోడు అంటే నవ్వుతాం, మాట పెద్దోడిది ఒళ్లు చిన్నోడిది కాబట్టి, ఆ రెండిటికీ మధ్య ఎంత ఎడముంటే అంత నవ్వు. మా బుడ్డోడి కండక్టర్ వేషం కూడా అంతే, భుజానికి తగిలించుకున్న బ్యాగు మోకాళ్ల కిందకి వేలాడుతుంటే వాడు "ముందుకి జరగండమ్మా" అని అరుస్తాడు, అందుకే మనం పడీపడీ నవ్వుతున్నాం. వాడికి టైమింగ్ ఉంది, నేను కాదనను, కానీ ప్రొడ్యూసర్ డబ్బులిచ్చి కొనుక్కుంటున్నదాంట్లో సగానికి పైగా ఆ ఎడమే. పిల్లాడు ఏడాదికి రెండంగుళాలు పెరిగితే ఆ ఎడం అంత తగ్గిపోతుంది. వాడు నటనలో ఎంత రాటుదేలినా, అమ్ముడుపోయే సరుకు మాత్రం ఏడాదికేడాది తరిగిపోతుంటుంది, పెద్ద కమెడియన్లకి ఈ బాధ లేదు, వయసొచ్చేకొద్దీ వాళ్ల మొహంలో ఇంకాస్త కామెడీ వస్తుంది.

దానికి తోడు సిట్‌కామ్ పద్ధతి ఇంకోటి. వారం వారం చూసేవాళ్లకి పాత్ర మారకూడదు, పోయిన వారం నవ్వించినట్టే ఈ వారం కూడా నవ్వించాలి. డిఫరెంట్ స్ట్రోక్స్ ఎనిమిది సీజన్లు, 189 ఎపిసోడ్లు నడిచింది, చివరి సీజన్ ఏబీసీ ఛానెల్‌కి మారి 1986లో ఆగింది. అంటే పదేళ్లప్పుడు మొదలెట్టిన పిల్లాడు పద్దెనిమిదేళ్ల దాకా ఒకే మొహం పెట్టుకుని, ఒకే మాట అంటూ, ఒకే ఇంటి సెట్‌లో పెరిగాడన్నమాట.

మామూలు పిల్లలకైతే ఈ సంగతి మీసాలతో తేలిపోతుంది. గొంతు మారుతుంది, ఎత్తు పెరుగుతారు, ఛానెల్ వాళ్లే ఇంక చాలు అంటారు. గ్యారీకి అలా కూడా జరగలేదు. పుట్టుకతోనే కిడ్నీ జబ్బు, 1973లో ఐదేళ్లకి ఒకసారి, 1984లో ఇంకోసారి కిడ్నీ మార్చారు, ఆ జబ్బూ దాని మందులూ కలిసి ఎదుగుదల ఆపేశాయి, నాలుగడుగుల ఎనిమిదంగుళాల దగ్గర ఒళ్లు ఆగిపోయింది. బుగ్గలు బుగ్గల్లాగే ఉన్నాయి. బయట్నుంచి చూసేవాళ్లకి అర్నాల్డ్ ఇంకా చిన్నోడే, కాబట్టి ఆ కామెడీ ఇంకా పనిచేస్తూనే ఉంది, లోపల మాత్రం ఓటు హక్కు వచ్చిన మగాడు, వారం వారం ఒంట్లో ఓపిక లేకపోయినా లైట్ల కింద నిలబడి చిన్నపిల్లాడిలా మొహం పెడుతున్నాడు. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఫోన్లో బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు, నాకూ మాట రాలేదు. మనల్ని నవ్వించినదాని వెనక డయాలిసిస్ ఉందని తెలిస్తే ఆ పాత క్లిప్పులు మళ్లీ అలాగే చూడలేం.

షో అయిపోయాక ముప్ఫై ఏళ్ల మనిషిని రోడ్డు మీద ఆపి ఆ డైలాగ్ చెప్పమనేవాళ్లు. ఒక దశలో సెక్యూరిటీ గార్డుగా పనిచేశాడు. 1999లో దివాలా పిటిషన్ వేశాడు. 2003లో కాలిఫోర్నియా గవర్నర్ ఎన్నికలో నిలబడితే 135 మందిలో ఎనిమిదో స్థానం, 14,242 ఓట్లు. 2010 మేలో యూటాలో ఇంట్లో పడిపోయి, మెదడులో రక్తస్రావమై, 42 ఏళ్లకే పోయాడు.

మరి డబ్బులో? షో జోరు మీద ఉన్నప్పుడు ఎపిసోడ్‌కి లక్ష డాలర్ల దాకా ఇచ్చారని అప్పటి వార్తలు. లెక్కలు చూసేవాడిగా నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదే, ఎందుకంటే ఆ డబ్బుకి ట్రస్టు ఉంది, కంపెనీ ఉంది, మేనేజర్ ఉన్నాడు, తల్లిదండ్రులున్నారు, అంటే కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ ఆ తల్లిదండ్రులూ మేనేజరే జీతాలూ కమిషన్లూ తీసుకునేవాళ్లు, వాళ్లే సంతకాలు పెట్టేవాళ్లు. సంపాదించేవాడు పిల్లాడు, ఇంట్లో మిగతా పెద్దలందరికీ ఉద్యోగం ఆ పిల్లాడే. తన డబ్బు సరిగ్గా చూడలేదని 1989లో తల్లిదండ్రుల మీదా మాజీ మేనేజర్ మీదా కేసు వేశాడు, 1993లో కోర్టు 12.8 లక్షల డాలర్లు ఇప్పించింది. పెద్ద మొత్తమే అనిపిస్తుంది, కానీ ఎనిమిదేళ్ల సంపాదనా, జీవితాంతం కిడ్నీ వైద్యమూ పక్కన పెట్టి చూడండి. కన్నవాళ్ల మీద కేసు గెలిచిన కొడుకు మళ్లీ ఆ ఇంటికి పండక్కి వెళ్లగలడా, ఆ లెక్క ఏ కోర్టూ వేయదు.

దీన్ని అక్కడి పత్రికలు శాపం అన్నాయి. ఆ షోలోనే అక్క వేషం వేసిన డేనా ప్లేటో 34 ఏళ్లకి 1999లో చనిపోయింది, అన్న వేషం వేసిన టాడ్ బ్రిడ్జెస్ మత్తుమందుల్లో, కోర్టుల్లో చాలా ఏళ్లు పడి తర్వాత బయటపడ్డాడు, దాంతో ముగ్గురినీ కలిపి శాపం అనేశారు. మన దగ్గర కూడా దిష్టి అంటాం, జాతకం అంటాం, చిన్నప్పుడే పేరొస్తే నిలవదు అంటాం. ఈ మాటల మీద నాకు కోపం. శాపం అన్నాక ఎవరూ కాగితం తీసి చూడరు. ఏ సంతకం ఎవరు పెట్టారు, ఏ ఖాతాలోకి ఎంత పోయింది, రోజుకి ఎన్ని గంటలు పనిచేయించారు, ఇవన్నీ చూస్తే తెలిసిపోయే సంగతులు.

అమెరికాకి ఈ సంగతి గ్యారీ కంటే చాలా ముందే తెలుసు కూడా. జాకీ కూగన్ అని ఒకబ్బాయి, 1921లో చార్లీ చాప్లిన్ ది కిడ్ సినిమాలో ఉన్న బుడతడు, ముప్ఫై నలభై లక్షల డాలర్లు సంపాదించాడని అంచనా. తండ్రి 1935లో కారు ప్రమాదంలో పోయాడు, వయసొచ్చాక నా డబ్బేది అంటే తల్లీ మారుతండ్రీ నీదేం లేదన్నారు, అప్పటి చట్టం ప్రకారం మైనర్ సంపాదన తల్లిదండ్రులదే మరి. 1938లో కోర్టుకి వెళ్తే చివరికి చేతికొచ్చింది 1,26,000 డాలర్లు. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో కూగన్ చట్టం వచ్చింది, దాంట్లో కూడా కన్నాలున్నాయి, కోర్టు ఆమోదించిన కాంట్రాక్టులకే అది వర్తించేది. 2000 జనవరి నుంచి గానీ పిల్లాడి సంపాదన పిల్లాడి ఆస్తే అని, కనీసం 15 శాతం ఎవరూ ముట్టుకోకుండా ట్రస్టు ఖాతాలో పడాలని తేలలేదు. జాకీ కూగన్ తర్వాత 1964లో ది ఆడమ్స్ ఫ్యామిలీ అనే సిట్‌కామ్‌లో బోడిగుండు అంకుల్ ఫెస్టర్‌గా మళ్లీ పేరు తెచ్చుకున్నాడు, నాకు ఆ విషయం తెలిసినప్పుడు చాలా సంతోషమేసింది.

నిలబడినవాళ్లు లేరా అని బావ అడిగాడు. ఉన్నారు. రాన్ హోవర్డ్ ఆరేళ్లకే 1960లో ది ఆండీ గ్రిఫిత్ షోలో ఎనిమిదేళ్ల పాటు షెరీఫ్ కొడుకు వేషం, 1974 నుంచి హ్యాపీ డేస్ సిట్‌కామ్, 1977కి ఇరవై మూడేళ్లకే డైరెక్టర్, 2002లో డైరెక్షన్‌కి ఆస్కార్. ఆయన మొహం తరిగేలోపు కెమెరా వెనక్కి వెళ్లిపోయాడు, అక్కడ వయసు పెరిగేకొద్దీ విలువ పెరుగుతుంది.

మన సినిమాల్లో దారి వేరు. తరుణ్ 1990లో అంజలిలో పిల్లాడు, 2000లో నువ్వే కావాలి హీరో. తేజ సజ్జా 1998లో చూడాలని వుందితో మొదలెట్టి, ఇంద్రలో చిన్నప్పటి హీరో వేషం వేసి, 2024లో హనుమాన్ దాకా వచ్చాడు. అలీ 1981 సీతాకోకచిలుకలో కుర్రాడు, 1994 యమలీలలో హీరో, కామెడీ ఎప్పుడూ ఆగలేదు. మన దగ్గర చైల్డ్ ఆర్టిస్ట్ అంటే ఎక్కువగా హీరో చిన్నప్పటి సీన్లు, పది నిమిషాలు కనిపించి వెళ్లిపోతాడు, ఆ మొహం జనాలకి గడ్డకట్టేంత టైం ఉండదు, మధ్యలో ఏళ్లకేళ్లు కనిపించకపోతే కొత్తోడిలా తిరిగి రావొచ్చు. వారం వారం వచ్చే టీవీ కామెడీకి ఆ వీలు లేదు, ఇప్పుడైతే మరీ, ఎపిసోడ్ ముక్కలు ముక్కలుగా ఫోన్లలో ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాయి, పిల్లాడు ఇంజినీరింగ్‌కి వెళ్లినా క్లాసులో ఆ క్లిప్పే ప్లే చేస్తారు. అందుకే సినిమావాళ్లని చూసి మనోడికీ అలాగే అవుతుంది అనుకోకు బావా అన్నాను.

నాటకాల్లో ఈ బాధ ఎందుకు లేదో మా నాన్నని చూస్తే తెలిసేది. ఆయన విజయనగరంలో ఔత్సాహిక సమాజాల్లో ప్రాంప్టింగ్ చెప్పేవారు. 1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో కుర్రాళ్లకి రెండు మంచి కామెడీ వేషాలున్నాయి, ఒకటి గిరీశం దగ్గర చదువు వెలగబెట్టే వెంకటేశం, రెండోది ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురిగా వెళ్లే కరటకశాస్త్రి శిష్యుడు. ఇవి కూడా ఎడం మీద నడిచే వేషాలే. కానీ గొంతు బొంగురుపోయిన ఏడు ఆ కుర్రాడి చేతిలోంచి వేషం తీసుకుని ఇంకో చిన్నోడికి ఇచ్చేవారు, పాతోడికి ఇంకో వేషం దొరికేది, లేదంటే తెర లాగేవాడు, హార్మోనియం పక్కన కూర్చునేవాడు, సమాజంలోనే ఉండేవాడు. వేషం నాటకానిది, కుర్రాడు కాసేపు మోసి పక్కోడికి అందించేవాడు. టీవీలో వేషాన్ని కుర్రాడి ఒంటికి అతికించేస్తారు, ఒలుచుకోవాల్సిన పని మాత్రం వాడొక్కడిదే.

ఇంక మా అగ్రిమెంట్ సంగతి. అందులో పేమెంటు "తల్లి/తండ్రి లేదా వారు సూచించిన వ్యక్తి" ఖాతాకి అని ఉంది. పిల్లాడు చేసే పాత్రా, పేరూ, ఊతపదాలూ ఐదేళ్లు వాళ్లవే, ఇంకెక్కడా చేయకూడదు అని ఉంది. రోజుకి ఎన్ని గంటలో లేదు. కలెక్టర్ అనే మాటే లేదు.

మన దేశంలో 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలు పనిచేయకూడదు అని పెట్టి, సినిమా, టీవీ, యాడ్స్‌కి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఊరికే ఇవ్వలేదు, 2017లో వచ్చిన రూల్స్‌లో షరతులున్నాయి, చాలామంది తల్లిదండ్రులకి అవి ఉన్నాయనే తెలీదు. షూటింగ్ ఏ జిల్లాలో జరుగుతుందో ఆ జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి ప్రొడ్యూసర్ తెచ్చుకోవాలి, అంటే మా వాడికి శ్రీకాకుళం కలెక్టరాఫీసులో పని లేదు, హైదరాబాద్ వైపు ఏ జిల్లాలో సెట్ ఉంటే అక్కడ. ఫారం సి అని ఒక హామీ పత్రం ఇవ్వాలి, ఏ పిల్లలు, తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉందా, వాళ్ల భద్రతకి బాధ్యుడెవరు అన్నీ అందులో ఉండాలి, అది ఆరు నెలలే చెల్లుతుంది. రోజుకి ఐదు గంటలు దాటకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు మించకూడదు, వరసగా 27 రోజులకి మించి పనిచేయించకూడదు, చదువు ఆగకూడదు, ఐదుగురు పిల్లలకి ఒక బాధ్యుడు ఉండాలి, అన్నిటికంటే ముందు పిల్లాడికి ఇష్టం లేకపోతే చేయించకూడదు. డబ్బు విషయంలో, పిల్లాడికొచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం వాడి పేరునే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, మేజర్ అయ్యాక వాడి చేతికి వస్తుంది.

కాలిఫోర్నియా 15, మనది 20, మనదే నయం కదా అన్నాడు బావ. అక్కడే పప్పులో కాలేస్తాం. అక్కడ 15 శాతం తాళం వేసిన పెట్టె, కానీ మిగతా 85 కూడా పిల్లాడిదే అని చట్టంలోనే రాశారు. మన రూలు 20 గురించి చెప్పి ఊరుకుంది, మిగతా 80 ఏ ఖాతాలో ఉండాలో, ఎవరు లెక్క చెప్పాలో ఆ రూల్‌లో లేదు. ఐదు లక్షలొస్తే లక్ష వాడి పేరున ఉంటుంది, నాలుగు లక్షలు ఇంటి అద్దెలోనో బండి ఈఎంఐలోనో అక్కచెల్లెళ్ల పెళ్లిలోనో కలిసిపోవచ్చు, ఎవరూ దొంగతనం చేయక్కర్లేదు, అవసరాలే తినేస్తాయి. గ్యారీ ఇంట్లో మొదలైంది కూడా ఇలాగే అయ్యుంటుందని నాకనిపిస్తుంది.

ట్యాక్స్ సంగతి కూడా చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. మామూలుగా మైనర్ పేరున వచ్చే ఆదాయం తల్లిదండ్రుల్లో ఎవరికి ఎక్కువ ఆదాయముంటే వాళ్ల దాంట్లో కలుస్తుంది. కానీ పిల్లాడు తన టాలెంట్‌తోనో ఒళ్లొంచి పనిచేసో సంపాదించింది అలా కలవదు, అది వాడి సొంత ఆదాయం, వాడి పేరున రిటర్ను, గార్డియన్ సంతకం. ఆ డబ్బుని ఎఫ్‌డీ వేస్తే వచ్చే వడ్డీ మాత్రం మళ్లీ తల్లిదండ్రుల దాంట్లో కలుస్తుంది. అందుకని మైనర్ పాన్ కార్డు ముందే తీయాలి, లేకపోతే టీడీఎస్, అంటే డబ్బులిచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, 20 శాతం కోస్తారు, పైగా పేమెంటు బావ ఖాతాలో పడితే కాగితం మీద అది బావ సంపాదనే అయిపోతుంది, రేపు వాడు పెద్దయ్యాక నాది అని చూపించుకోడానికి ఒక్క ముక్క ఉండదు. ట్యాక్స్ శాఖ వాళ్లయినా వాడి కష్టం వాడిదే అని ఒప్పుకుంటున్నారు, ఇంట్లోవాళ్లం మనం ఒప్పుకోకపోతే ఎలా బావా అన్నాను.

అప్పకి ఒక కాగితం రాసిచ్చాను. పేమెంటు మొత్తం బుడ్డోడి పేరున మైనర్ ఖాతాకే, అందులోంచి రైలు ఖర్చులూ హైదరాబాద్‌లో ఉండే ఖర్చులూ బిల్లు పెట్టి తీసుకోవాలి, మిగిలింది కదపకూడదు. ఐదేళ్ల క్లాజు ఒక సీజన్‌కి తగ్గించాలి. స్కూలు ఉన్న రోజుల్లో షూటింగ్ వద్దు, ఆమదాలవలస స్టేషన్లో రాత్రి బండెక్కి పొద్దున్నే సెట్‌కి వెళ్లే పిల్లాడికి ఐదు గంటలన్నది కాగితం మీద ఐదు గంటలే, ఒంటికి పదిహేను. ఫారం సి కాపీ చేతికొచ్చాకే టికెట్ బుక్ చేయాలి.

బావ కోఆర్డినేటర్‌కి అది పంపాడు. మిగతావన్నీ చూద్దాం అన్నాడంట, ఫారం సి అనగానే ప్రొడక్షన్ వాళ్లని కనుక్కుని చెప్తానని పెట్టేశాడు, పదకొండు రోజులైంది. బావ మొదట్లో నా మీద అలిగాడు, ఛాన్స్ పోగొట్టావన్నాడు. నాకూ మనసులో పీకుతూనే ఉంది, వాడిలో విషయం ఉంది, నిజంగా ఉంది, మంచి చోట మంచి పద్ధతిలో దొరికితే ముందు నేనే వాణ్ని బండెక్కిస్తాను.

నిన్న అప్ప మళ్లీ చేసింది, ఆదివారమే. సెప్టెంబర్ 21 గురజాడ జయంతికి స్కూల్లో కన్యాశుల్కం మొదటి అంకం వేస్తున్నారంట, బుడ్డోడు వెంకటేశం. పోయినేడు వెంకటేశం వేసిన కుర్రాడు ఇప్పుడు తొమ్మిదో క్లాసు, గొంతు మారింది, ఈసారి గిరీశం అతనే. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి మా వాడికి ఎక్కడ ఆగాలో ఎక్కడ నీళ్లు నమలాలో నేర్పుతున్నాడంట, పంచె కట్టుకోడం రాక ఇద్దరూ హాల్లో కిందా మీదా పడుతుంటే అప్ప నవ్వు ఆపుకోలేక ఫోన్ బావకి ఇచ్చేసింది.